భయపడాల్సిన వెటకారం

మార్చి 4

పళ్ళ డాక్టరు గారైన మా బుడంకాయకి,

అత్త దీవెనలు. ప్రస్తుతానికి సగమే పంపుతున్నాను. మిగతా సగం నీ జవాబు చూశాక ఆలోచిస్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. మొన్న నేను మాట మొదలుపెట్టానో లేదో, "కుర్చీలో పేషెంటున్నారత్తా, మళ్ళీ చేస్తా" అని పెట్టేశావు. మళ్ళీ చెయ్యలేదు. జుట్టు నెరిసేదాకా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరందరి లైన్లూ కలిపినదాన్ని నేను. మాట మధ్యలో లైను తెగితే మనిషికి ఎంత తల కొట్టేసినట్టుంటుందో నాకు తెలిసినట్టు నీకేం తెలుస్తుంది? అందుకని ఇకమీదట నీకూ నాకూ ఫోను సంబంధం లేదు. ఉత్తరాన్నయితే నువ్వు మధ్యలో పెట్టేయలేవు. పెట్టేసినా నాకు వినపడదు.

ఇక సంగతి. రెండో తారీఖున మీ మామయ్య జ్ఞానదంతం పీకావు. బాగానే పీకావు, కాదనను. చిగురు కోశావు, ఎముక గీకావు, కుట్లు వేశావు. ఆయన కుర్చీ చేతులు పట్టుకున్న పట్టుకి అవి ఊడొస్తాయనుకున్నాను. ఇంత యుద్ధం చేసి, చివరికి చేతిలో పెట్టిందేమిటి? పారసిటమాలూ, ఐబుప్రొఫెనూ! ఒకటి పసిపిల్లలకి జ్వరమొస్తే వేసేది, రెండోది నాకు నడుం పట్టేస్తే నేను వేసుకునేది. సొంత మేనల్లుడని ఊరుగాని ఊరు బస్సులో వస్తే మాకు జరిగిన మర్యాద ఇదీ. తిరుగు బస్సులో మీ మామయ్య బుగ్గ పట్టుకుని, "మనవాడు కాబట్టి మనల్ని తక్కువలో తేల్చేశాడే" అన్నాడు. ఆయన అంతకన్నా పొడుగు మాట ఆ రోజు అనలేకపోయాడు.

మా కింద వాటాలో టైలరుకి కిందటి నెల ఇలాంటి పన్నే పీకారు. నీ దగ్గర కాదులే, బంగారు అక్షరాల బోర్డు పెట్టుకున్న డాక్టరు దగ్గర. ఆయన రాసిన మాత్ర ఒక్కటి వేసుకుని టైలరు గోడలు పట్టుకుని నడిచాడు. కత్తిరించాల్సిన గుడ్డ పక్కన పెట్టి టేబులు మీద పరిచిన దుప్పటి కత్తిరించాడు. వాంతి చేసుకుని పొద్దుగూకేదాకా పడుకున్నాడు. అదీ మందంటే! వేసుకున్నట్టు ఒంటికి తెలియాలి. "నాకొద్దు బాబోయ్" అని మిగిలిన షీటు తెచ్చి నా డబ్బాలో పడేశాడు.

నా బిస్కెట్ల డబ్బా నీకు తెలుసుగా. ఈ మేడలో ఎవరికి ఏ మాత్ర మిగిలినా అందులోకే వస్తుంది, ఎవరికి ఏ నొప్పొచ్చినా అందులోంచే వెళ్తుంది. నీ రెండు రకాలూ తెల్లగానే ఉన్నాయి కదా, రెండూ చేసే పని ఒకటే అయ్యుంటుందని ఒక రకాన్ని డబ్బాలో దాచాను. రెండోది ఆయన మూలిగినప్పుడు ఇస్తున్నాను. నీకు మనసొప్పితే ఆ బలమైన రకం నాలుగు మాత్రలు రాసి పంపు. లేదా ఈ చుట్టరికం మీ నాన్నతోనే పోయిందనుకుంటాను.

కోపంగా ఉన్న
అత్త


మార్చి 6

మందుల డబ్బా మహారాణి గారికి,

మేనల్లుడి నమస్కారాలు. పూర్తిగానే పంపుతున్నాను, నాకు సగాలు చెయ్యడం రాదు.

ఫోను పెట్టేసినందుకు క్షమించు. ఆ సమయంలో నా రెండు చేతులూ ఒకావిడ నోట్లో ఉన్నాయి. తనని హోల్డులో పెట్టడానికి ఆవిడ ఒప్పుకోలేదు.

మర్యాద సంగతి చదివి గంటసేపు నవ్వుకున్నాను. మన వంశంలో తప్ప ఇంకెక్కడా మాత్ర బలాన్ని బట్టి ప్రేమని కొలవరు. పన్ను పీకిన చోట నొప్పి పుట్టించేది వాపు. ఐబుప్రొఫెన్ తిన్నగా ఆ వాపు మీదికే పోతుంది. పారసిటమాల్ దారి వేరు. రెండూ కలిసి, అన్నం తిన్నాక, నొప్పి మొదలయ్యేదాకా కాచుకోకుండా వేళకి పడితే, పన్ను నొప్పికి టైలరు మింగిన దానికన్నా బాగానే పని చేస్తాయి. చదువుకున్నవాళ్ళు వేలమంది మీద పరీక్ష చేసి తేల్చారు. నువ్వేమో జంటలో ఒకదాన్ని డబ్బాలో ఖైదు చేసి, ఒంటెద్దుతో బండి లాగించి, బండి కదలట్లేదని నన్ను తిడుతున్నావు.

టైలరు మింగింది నల్లమందుకి దగ్గరి చుట్టం. అది పన్ను వైపు కన్నెత్తి కూడా చూడదు. మెదడు దగ్గర కూర్చుని, "నొప్పి ఉంటే ఉండనీ, నీకెందుకు" అని బుజ్జగిస్తుంది. పనిలో పనిగా పేగుల్ని బద్ధకస్తులని చేస్తుంది, కడుపులో తిప్పుతుంది, ఊపిరి తీయించే చోటుని కూడా జోకొడుతుంది. పెద్ద ఆపరేషన్లకి దాని అవసరం ఉంది. పన్నుకి ఎప్పుడైనా రాయాల్సొచ్చినా, మనిషిని చూసి, ఇంకేం మందులు వాడుతున్నాడో అడిగి, రెండు మూడు రోజులకి సరిపడా రాస్తాం. బంగారు బోర్డాయన షీటుకి షీటు ఎందుకు రాశాడంటావా? పేషెంటు మళ్ళీ మెట్లెక్కి ఆయన్ని విసిగించకుండా.

అంతగా ముచ్చటపడితే ఆ షీటు మామయ్యకి వేసెయ్యి. రోజూ మింగే నిద్రమాత్ర ఎటూ ఉండనే ఉంది, రెండూ కలిపి ఇచ్చెయ్యి. అసలే ఆయన గురక మధ్యలో ఆగి ఆగి వచ్చే రకం. ఈ దెబ్బతో నొప్పీ ఉండదు, గురకా ఉండదు. నీకు హాయి. మామయ్యకింకా హాయి, పొద్దున్నే లేవాల్సిన పని కూడా ఉండదు.

నీ పళ్ళ సంగతి మర్చిపోలేదు. నేల తుడిచే బ్రష్షుతో తోమినట్టు ఇంకా అలాగే తోముతున్నావా? ఏదో ఒక రోజు నీ చిగుళ్ళు రాజీనామా రాసి నా క్లినిక్కుకి వచ్చి ఇస్తాయి. మామయ్యని "గాలి కోసం" డాబా మీదికి వెళ్ళనివ్వకు. ఆ గాలికి పొగాకు వాసనుంటుందని నీకు తప్ప మేడ మొత్తానికి తెలుసు. మూడో రోజు దాటాక నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగిందంటే, ఇంత చవకైన మేనల్లుడు ఇంకెక్కడా దొరకడు కాబట్టి మళ్ళీ ఇక్కడికే దయచేయించు.

నీ డబ్బాకి నోచుకోని
బుడంకాయ


మార్చి 9

అతి తెలివి డాక్టరు గారికి,

దీవెనలు నిల్వ లేవు. తెప్పించాక పంపుతాను.

ఆయనకి ఐదో తారీఖు సాయంత్రం నుంచి నొప్పి చెవిలోకి పాకింది. నోరు తెరిస్తే వాసన. అన్నం పక్కన పెట్టేస్తున్నాడు. వాచీల కొట్టు మూసేసి ఇంట్లో కూర్చున్నాడు. వాచీ వెనక మూత తిప్పుతుంటే ఆ గీరుడు పంటిలోకి వస్తోందట. నీ జవాబు కోసం కళ్ళు కాయలు కాచేలా చూశాం. నిన్న వచ్చింది. ఆయన బుగ్గకి తడి గుడ్డ పెట్టుకుని కూర్చుంటే పైకి చదివి వినిపించాను. ఒంటెద్దు బండి దగ్గర ఆయన నవ్వబోయి "అబ్బా" అన్నాడు. ఆ "అబ్బా" వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ మనిషి విలవిల్లాడుతుంటే నువ్వక్కడ కలం పట్టుకుని హాస్యాలాడుతున్నావు.

అందుకే నిన్న సాయంత్రం డబ్బా తీసి, టైలరు మాత్ర ఒకటి వేశాను. నిద్రమాత్ర మామూలే. బుడంకాయా, ఏం చెప్పను! అరగంటలో ఆ మొహం విచ్చుకుంది. మాట ముద్దగా వచ్చింది కానీ అంతా మంచి మాటే. పెళ్ళయ్యాక మొదటిసారి నా వంట బాగుందన్నాడు. ఇక గురకంటావా, మధ్యమధ్యలో అసలు వినపడనే లేదు. నువ్వు వెటకారంగా రాసినా, ఆ ఒక్క ముక్కా నిజమే రాశావు.

ఈ రోజు మధ్యాహ్నానికి నొప్పి మళ్ళీ మొదలైంది. అంటే మందు మంచిదే, మోతాదు చాలట్లేదు. రేపటి నుంచి పొద్దున ఒకటి, భోజనమయ్యాక రెండు, రాత్రికి మళ్ళీ రెండు వేద్దామనుకుంటున్నాను. నిద్రమాత్ర కూడా పగలే ఒకటి వేస్తే, ఆ నొప్పి పాడు రోజులు నిద్రలోనే గడిచిపోతాయి. నిన్ను అడగడం లేదు, తెలియజేస్తున్నాను.

నువ్వు ఫోను చేసి బతిమాలినా ఎత్తను. దాన్ని బీరువాలో దుప్పట్ల మధ్య పడేశాను.

వైద్యం నేర్చిన
అత్త


మార్చి 16

బుడంకాయకి,

ఇల్లు చేరాం. ఆయన బాగున్నాడు. ఇది ముందు రాస్తున్నాను, నువ్వు మిగతాది నిలబడి చదవకుండా కూర్చుని చదువుతావని.

ఆ రోజు ఆసుపత్రిలో నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. టాక్సీ దిగి పరిగెత్తుకుంటూ వచ్చావు, నన్ను దాటుకుని వెళ్ళిపోయావు. అక్కడి డాక్టరు "ఈ మాత్రలు ఎవరిచ్చారు?" అని అడిగితే "మా అత్త" అన్నావు. వార్డంతా నా వైపు తిరిగింది. దొంగని పట్టించినట్టు పట్టించావు. నిజమే చెప్పావు, నాకు తెలుసు. అయినా చెప్పిన తీరుకి నా ప్రాణం చచ్చిపోయింది.

నువ్వు అడగలేదు కాబట్టి ఏం జరిగిందో నేనే చెప్తాను. పదకొండో తారీఖు. భోజనమయ్యాక నేను అనుకున్నట్టే మాత్రలన్నీ ఇచ్చాను. ఆయన కిటికీ పక్క కుర్చీలో ఒరిగాడు. నేను ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. పాపం, ఇన్నాళ్ళకి కంటి నిండా నిద్రపోతున్నాడనుకుని, ఆ నిద్ర చెడుతుందని రేడియో తగ్గించాను. బీరువాలో ఫోను మోగింది. నువ్వేనని తెలుసు. మోగనీ, తిక్క కుదురుతుందనుకున్నాను. ఆగి మళ్ళీ మోగింది. అప్పుడు లేచి వెళ్ళి బీరువా తలుపు ఇంకా గట్టిగా వేశాను, ఆయన లేస్తాడని. ఉద్యోగం చేసినన్నాళ్ళూ మోగుతున్న ఫోనుని వదిలేసి ఎరగను. మొదటిసారి వదిలింది ఆ రోజే.

టైలరు మెడలో టేపు వేలాడుతుండగానే మెట్లెక్కి వచ్చాడు. "మీ మేనల్లుడు నా కొట్టు నంబరు వెతికి ఫోను చేశాడమ్మా, అయ్యగారిని లేపి చూడమంటున్నాడు" అన్నాడు. లేపొద్దని నేను అడ్డం నిలబడ్డాను. అవును, అడ్డం నిలబడ్డాను. అతను నన్ను పక్కకి తోసి ఆయన భుజం పట్టి ఊపాడు. తల అటు వాలింది. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. అంతసేపూ నేను ఎదురుగానే కూర్చున్నాను, నాకు కనపడలేదు. టైలరు ఆయన్ని గట్టిగా గిల్లి, అరిచి, ఫోనులో నువ్వు చెప్తుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టి, అంబులెన్సు వచ్చేదాకా "అయ్యా ఊపిరి తియ్యి, అయ్యా ఊపిరి తియ్యి" అంటూనే ఉన్నాడు. అంబులెన్సువాళ్ళు విరుగుడు సూది వేశారు. ఆయన కళ్ళు తెరిచి మొదటన్న మాట, "ఎవర్రా నన్ను గిల్లింది?" అని. తర్వాత మళ్ళీ జోగాడు. మళ్ళీ సూది. మందు కన్నా ముందు విరుగుడు దిగిపోతుందని, అందుకే తెల్లారేదాకా కాపలా కాస్తామని నర్సు చెప్పింది.

ఇప్పుడు నా మాట విను. తప్పు నాదే. చేత్తో ఇచ్చింది నేనే, ఇంకెవరి మీదికీ నెట్టను. కానీ ఒక్కటి అడుగుతాను. నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. అందులో అన్నీ ఉన్నాయి. నిద్రమాత్రతో కలపకూడదనీ ఉంది, గురక ఆగడం మంచిది కాదనీ ఉంది, నొప్పి పెరిగితే తీసుకురమ్మనీ ఉంది. అన్నీ వెటకారంలోనే ఉన్నాయి. అదే కాగితంలో నా చిగుళ్ళు రాజీనామా చేస్తాయనీ ఉంది. అవి ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాయి. బ్రష్షు గురించీ అంతే వెటకారంగా రాస్తావు, ప్రాణం తీసే మందు గురించీ అంతే వెటకారంగా రాస్తావు. ఇందులో ఏది భయపడాల్సిన వెటకారమో నాకెలా తెలియాలిరా?

అత్త


మార్చి 19

అత్తా,

ఈ ఉత్తరంలో వెటకారం ఉండదు. రాయడం కష్టంగా ఉంది, రెండు కాగితాలు చింపేశాను.

ఆసుపత్రిలో నీతో మాట్లాడకపోవడం కోపం వల్ల కాదు. నోరు తెరిస్తే అందరి ముందూ ఏడ్చేసేవాణ్ణి. "మా అత్త" అని ఎందుకన్నానంటే, డాక్టరుకి ఏ మాత్ర, ఎన్ని, ఎప్పుడు అన్నది వెంటనే తెలియాలి. ఆ వివరం నీ ఉత్తరంలో ఉంది, అది నా జేబులో ఉంది. నువ్వు నన్ను దెప్పడానికి రాసిన లెక్కే ఆ రోజు వాళ్ళకి పనికొచ్చింది.

నా వెటకారం గురించి నువ్వన్నది నిజం. తొమ్మిదో తారీఖు ఉత్తరం నాకు పదకొండున మధ్యాహ్నం అందింది. పేషెంటుని కుర్చీలోనే వదిలేసి నీకు ఫోను చేశాను. నేను ఎగతాళిగా రాసిందాన్ని నువ్వు తు.చ. తప్పకుండా చేసి చూపిస్తున్నట్టుంది. నాకు చాలా భయం వేసింది, అత్తా.

ఇప్పుడు సూటిగా రాస్తున్నాను. నల్లమందు జాతి మాత్రనీ నిద్రమాత్రనీ కలిపి వేస్తే ఊపిరి ఆగిపోవచ్చు. గురక మధ్యలో ఆగి ఆగి వచ్చేవాళ్ళకి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. అలాంటి మనిషి మత్తుగా ఉండి, పిలిస్తే పలక్కుండా, ఊపిరి నెమ్మదిగా తీస్తుంటే, అది నిద్ర కాదు. ఎంత నిద్రమత్తుగా ఉన్నా లేపాలి, లేవకపోతే అంబులెన్సుని పిలవాలి. ఒకరికి రాసిన మాత్ర ఇంకొకరికి వెయ్యకూడదు. టైలరుని గోడ పట్టించిన మాత్రే ఇంకొకరి ఊపిరి తీసేయొచ్చు, ఎవరి ఒంట్లో ఎలా మారుతుందో ముందే తెలియదు.

మామయ్యకి నొప్పి పెరగడానికి కారణం మందు చాలకపోవడం కాదు. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి మూతలా ఉండాలి. డాబా మీద పొగ తాగడంతో ఆ మూత ఊడిపోయి ఎముక బయటపడింది. ఎంత బలమైన మాత్ర వేసినా అది మానదు. ఆసుపత్రి మంచం మీదే గుంట కడిగి మందు గుడ్డ పెట్టాను, సాయంత్రానికి ఆయన అన్నం అడిగాడు. అక్కడేదో తేడాగా ఉందని నొప్పి మనకి చెప్పబోయింది. మనం దాని నోరు నొక్కేశాం.

డబ్బాలో ఉన్నవన్నీ మందుల షాపులో తిరిగి ఇచ్చెయ్యి, వాళ్ళే పారేస్తారు. నిద్రమాత్ర గురించీ గురక గురించీ ఆయన్ని పెద్ద డాక్టరుకి చూపించు. అపాయింట్‌మెంటు నేను తీసుకుంటాను.

బంగారు బోర్డాయన దగ్గరికి వెళ్ళి, ఒక్క పన్నుకి అన్ని మాత్రలెందుకని అడిగాను. "పేషెంట్లు సంతోషంగా వెళ్తారండీ" అన్నాడు. సూటిగానే చెప్పాడు.

ఇక ఫోను బయటికి తియ్యి. నీతో మాట్లాడుతుండగా పెట్టెయ్యను.

నీ
బుడంకాయ


మార్చి 23

బుడంకాయకి,

మొదటి ఉత్తరంలో ఆపిన సగం దీవెనలూ, మధ్యలో నిల్వ లేవన్నవీ, అన్నీ కలిపి పంపుతున్నాను.

నీ ఉత్తరం పైకి చదివి వినిపిస్తే మీ మామయ్య కంగారు పడ్డాడు. "వీడికి ఒంట్లో బాగోలేదే, ఒక్క ఎత్తిపొడుపు కూడా లేదు, ఫోను చేసి కనుక్కో" అన్నాడు. అప్పుడు తీశాను బీరువాలోంచి. నీ మిస్డ్ కాల్సు వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాను.

డబ్బా తీసుకెళ్ళి మందుల షాపు బల్ల మీద బోర్లించాను. షాపతను ఒక్కొక్కటీ తిప్పి చూస్తూ, "అమ్మా, మీరు ఏదైనా షాపు నడుపుతున్నారా?" అన్నాడు. సందు చూసుకుని నవ్వేవాళ్ళు ప్రతి చోటా ఉంటారు. మేడలో జనానికి ఇంకా అలవాటు పోలేదు. మూడో అంతస్తు ఆవిడ నిన్న తలనొప్పని వచ్చి చెయ్యి చాపింది. మంచినీళ్ళిచ్చి డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. నేను గర్వపడి మాట్లాడుతున్నానని టైలరుతో అందట.

టైలరు ఆయనకి ఊరికే ఒక చొక్కా కుట్టి ఇస్తానంటున్నాడు, గిల్లినందుకట. అతని షీటు కాబట్టి తప్పు తనదేనని కుమిలిపోతున్నాడు. అతన్ని కూర్చోబెట్టి, "ఆ వరసలో నీ ముందు చాలామందిమి ఉన్నాంలే" అన్నాను.

ఒక ఒప్పందం చేసుకుందాం. మందుల గురించి రాసేటప్పుడు నువ్వు సూటిగా రాయి, నేను సూటిగా చదువుతాను. మిగతా వాటి మీద నీ నోటికి అడ్డు లేదు. నా బ్రష్షుని ఏమన్నా పడతాను. నువ్వు మరీ మంచివాడివైపోతే మాకు ఇంట్లో తోచదు.

ఫోనుని ఖాళీ డబ్బా మీద పెట్టాను. మోగితే రేకు అదిరి మేడంతా లేస్తుంది. ఎప్పుడైనా చెయ్యి.

డాబా మీది గాలి మానేశానని ఆయన ఒట్టేశాడు. పెద్ద డాక్టరు నిద్రమాత్ర తగ్గిస్తున్నాడు, గురకకి ఏదో పరీక్ష చేస్తానన్నాడు. అది అయ్యేదాకా నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఇదివరకు ఆయన గురక మొదలైతే కాలితో తోసేదాన్ని. ఇప్పుడు ఆగితే తోస్తున్నాను.

నీ
అత్త